గీత దగ్గరే ఉన్న నీళ్ళు

జనవరి 8, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు హుంగ్ మియెన్ కాగితం మీద ముద్ర వేయనంది.

ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. తైనాన్ నగరానికి ఉత్తరాన ఐదంతస్తుల పాత భవనంలో రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. కాగితంలో ఉన్నది ఒక్క వాక్యం: పై ఇంటి బాత్‌రూమ్‌లో రెండు రోజులు నీళ్ళు నిలబెట్టారు, నా ఇంటి పైకప్పు తడవలేదు. దాని కింద తేదీ, పేరు, ముద్రకు చోటు. సంతకానికి బదులు వేసే పేరు ముద్ర ఆమె చేతిలోనే ఉంది. ఎర్ర సిరా డబ్బీ మూత కూడా తీసింది. పైకప్పు పొడిగానే ఉందని తనే ఒప్పుకుంది.

"ముందు నన్ను పైకి తీసుకెళ్ళు. నీళ్ళు చూసి వేస్తా," అంది.

కాగితం తెచ్చినవాడు యూ కున్‌షాన్, యాభై రెండేళ్ళ తాపీ మేస్త్రీ. "తడవాల్సింది మీ పైకప్పు పెద్దమ్మా. అది తడవలేదు. ఇంక నీళ్ళతో మీకేం పని?" అన్నాడు.

"ముద్ర నాది కదా. పని కూడా నాదే."

కున్‌షాన్ ముందు నడిచాడు. ఆమె గోడ పట్టుకుని వెనక ఎక్కింది.

పైన మూడో అంతస్తు జువాంగ్ బీయున్‌ది. ఆమె బడి వంటశాలలో వంట చేసి రిటైరైంది. వయసు డెబ్బై ఒకటి. నవంబరులో స్నానం చేసి తొట్టి అంచు దాటబోతూ పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ చప్పుడు విని అంబులెన్సుకు ఫోన్ చేసింది కింద ఉన్న మియెన్. ఇకమీదట తొట్టి అంచు దాటకూడదని డాక్టర్ చెప్పాడు. అందుకే తొట్టి తీసేసి, అక్కడ గడప లేకుండా షవర్ కింద కూర్చుని స్నానం చేసే చోటు కట్టాలని నిర్ణయించారు. బీయున్‌ను జనవరి 20న ఇంటికి పంపుతామని ఆసుపత్రి చెప్పింది. చాంద్రమాన కొత్త సంవత్సరం ఫిబ్రవరి 5న.

ఎనిమిదేళ్ళ క్రితం ఇదే బాత్‌రూమ్ నుంచి నీళ్ళు దిగి మియెన్ ఇంటి పైకప్పు పెచ్చులు ఊడిపడ్డాయి. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదించుకున్నారు. తర్వాత మూడేళ్ళు మాటల్లేవు. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడవైపు తిరిగేవారు.

ఈ సంగతి తెలిసి, పని మొదలుపెట్టకముందే పెద్ద మేస్త్రీ యూ వాన్‌లాయ్ డిసెంబరులో మియెన్ ఇంటికి వెళ్ళాడు. కున్‌షాన్ అతని తమ్ముడు.

"మీ పైకప్పు మీరు చూసుకుని ముద్ర వేసేదాకా పైన ఒక్క టైలు కూడా అంటించను పెద్దమ్మా," అన్నాడు.

"మాట మీద ఉండు నాయనా," అంది మియెన్. "మళ్ళీ కారితే అలిగి కూర్చోడానికి నా దగ్గర ఇంకో మూడేళ్ళు లేవు. పైనున్న దాని దగ్గర అసలే లేవు."

అన్నదమ్ములు కలిసి పనిచేయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. వాళ్ళ నాన్న కూడా తాపీ మేస్త్రీయే. వాన్‌లాయ్ టైల్స్ వేస్తాడు. అంతకు ముందు గోడల్ని సిద్ధం చేసేది కున్‌షాన్. పాత టైల్స్ ఊడగొట్టాలి. వాటి వెనక గోడకు పూసిన పాత సిమెంటు గిలాబా మొత్తం, పైనుంచి నేల దాకా, ఎర్ర ఇటుక కనిపించేలా కొట్టేయాలి. ఇటుకను కడిగి, తడిపి, కొత్త గిలాబా చేసి, అది ఆరాక గోడకూ నేలకూ నీళ్ళు దిగని పూత రెండుసార్లు పూయాలి. తర్వాత నీళ్ళు పోయే కన్నానికి బిరడా పెట్టి నేలంతా నీళ్ళతో నింపి, గోడ మీద నీళ్ళ అంచున పెన్సిల్‌తో గీత గీయాలి. రెండు రోజుల తర్వాత నీళ్ళు ఎక్కడున్నాయో ఫోటో తీసి, ఆ ఫోటోతో కింది ఇంటికి వెళ్ళి ముద్ర వేయించుకోవాలి. ముద్ర కాగితం అన్నదమ్ములు సొంతంగా పెట్టుకున్న పద్ధతి. తైనాన్‌లో మిగతా మేస్త్రీలు ఫోటోతో సరిపెడతారు.

డిసెంబరు 28న వాన్‌లాయ్ ఇంకో పని మీద ఆన్‌పింగ్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి తమ్ముడికి ఫోన్ చేశాడు.

"కింద దాకా కొట్టావా?"

"ఇటుక కనిపిస్తోంది అన్నా."

వెంటనే ఫోటో వచ్చింది. గోడ నిండా ఎర్ర ఇటుక. ఆ ఫోటోలో నేల కనిపించదు. వాన్‌లాయ్ జవాబుగా, సరే అన్నట్టు పైకెత్తిన బొటనవేలి గుర్తు పంపాడు.

జనవరి 6, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నీళ్ళు నింపారు.

మంగళవారం మియెన్ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుంది. కిటికీ తెరిచి ఉంది. ఉత్తరపు గాలికి నీళ్ళ మీద ముడతలు పడుతున్నాయి.

"రెండు రోజులూ కిటికీ తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది. మూస్తే బూజు వాసన."

"గీత ఎప్పుడు గీశావ్?"

"ఆదివారం. నీళ్ళు పోయగానే."

"నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి."

"మరి! చుక్క తగ్గలేదు."

"అదే నేనూ అంటున్నా. చుక్క తగ్గలేదు." ఆమె లేచి నిలబడింది. "మీ అన్నని పిలువు."

"పెద్దమ్మా, మీరు కావాలని పేచీ పెడుతున్నారు."

"పేచీ కావాలంటే ఇంట్లో టీవీ ఉంది. అందులో పొద్దస్తమానం అదే. మీ అన్నని పిలువు."

వాన్‌లాయ్ పదీ ఇరవైకి స్కూటర్ మీద వచ్చాడు. చేతుల మీద సిమెంటు ఆరి ఉంది. కున్‌షాన్ మెట్ల దగ్గరే ఎదురెళ్ళాడు.

"ముసలావిడకి నీళ్ళు తగ్గలేదని బాధ అన్నా! తగ్గి ఉంటే ఏమనేదో!"

వాన్‌లాయ్ నవ్వాడు. ఆ నవ్వు పైకి వినిపించిందని మియెన్ తర్వాత చెప్పింది.

అతను పైకి రాగానే ఆమె అడిగింది. "పదమూడో ఏట నుంచి ముప్ఫై ఒకటో ఏట దాకా నేనేం చేశానో తెలుసా?"

"తెలీదు పెద్దమ్మా."

"బెయ్‌మెన్‌లో ఉప్పు మడుల్లో పనిచేశా. చలికాలం ఉత్తరపు గాలి తగిలితే నీళ్ళు ఎంత పోతాయో పొద్దున్నే మడిలో గోరు ముంచి చెప్పేదాన్ని. నేను చెప్పాకే మా నాన్న మడికి నీళ్ళు వదిలేవాడు. అటు చూడు, కిటికీ తెరిచుంది. రెండు రోజులు గాలి వీచింది. రెండు నాణేల మందమైనా పోవాలి. పోలేదంటే ఎవరో పోశారు."

"ఇది ఉప్పు మడి కాదు, బాత్‌రూమ్," అన్నాడు కున్‌షాన్.

"అవును. అందుకే ఇక్కడ ఉప్పు దొరకదు. నీళ్ళు మాత్రం అవే నీళ్ళు."

వాన్‌లాయ్ నవ్వలేదు. గీత చూశాడు. ఫోన్ తీసి, ఆ ఉదయం తొమ్మిదింటికి తమ్ముడు పంపిన ఫోటో చూశాడు. దాని కింద తన బొటనవేలి గుర్తు ఉంది. నీళ్ళు ఎంతో కొంత ఆరాలని అతనికి కూడా తెలుసు. ముప్ఫై ఐదేళ్ళుగా తెలుసు. ఫోటోలో అతను చూసింది నీళ్ళు తగ్గాయా లేదా అన్నది ఒక్కటే.

"ఒక బేసిను ఇస్తారా?" అని మియెన్‌ను అడిగాడు.

ఆమె కిందికెళ్ళి ప్లాస్టిక్ బేసిను తెచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఆమే చెప్పింది. అదే గాలి తగిలేలా, కిటికీకి ఎదురుగా, నీళ్ళ పక్కన. మడుల్లో కూడా గట్టు మీద కుండ పెట్టేవాళ్ళమని, గాలికి పోయే నీళ్ళెన్నో కుండ చెబుతుందని, అంతకు మించి తగ్గితే మడికి చిల్లు పడ్డట్టేనని అంది. వాన్‌లాయ్ బేసినులో నీళ్ళు పోసి గీత గీశాడు. గోడ మీద పాత గీత పక్కన కొత్త గీత గీసి సమయం రాశాడు: 10.50. తన తాళం చెవి తీసి మియెన్‌కు ఇచ్చాడు. తమ్ముడి వైపు చేయి చాచాడు.

"నాది కూడానా?"

"ఇవ్వు."

"నా మీద నమ్మకం లేదా అన్నా?"

"రేపు పదకొండింటికి రా."

బుధవారం పదకొండింటికి ముగ్గురూ గుమ్మం దగ్గర ఉన్నారు. మియెన్ తాళం తీసింది. వాన్‌లాయ్ ఉక్కు స్కేలుతో కొలిచాడు. బేసినులో నీళ్ళు ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గాయి. నేల మీద ఆరు మిల్లీమీటర్లు తగ్గాయి. స్కేలు మియెన్‌కు ఇచ్చి చూడమన్నాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఆరు," అంది.

వాన్‌లాయ్ బిరడా తీశాడు. నీళ్ళు పోయాక గుడ్డతో నేల తుడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "సుత్తి," అన్నాడు.

కున్‌షాన్ సంచీలోంచి చెక్క పిడి సుత్తి తీసి ఇచ్చాడు. అది వాళ్ళ నాన్నది. వాన్‌లాయ్ దాని పిడితో గోడ మీద తట్టుతూ కిందికి వచ్చాడు. నడుం ఎత్తులో గట్టి చప్పుడు. మోకాలి ఎత్తులో గట్టి చప్పుడు. నేలకు జానెడు పైన డొల్ల చప్పుడు. పక్కకు జరిగి తట్టాడు. మళ్ళీ డొల్ల. మిగతా రెండు గోడల దగ్గర కూడా అంతే.

గోడలు పగలగొట్టే మెషిన్‌తో కొట్టాడు. కొత్త పూత, దాని కింద కొత్త గిలాబా పలచగా ఊడి వచ్చాయి. లోపల ఇటుక లేదు. భవనం కట్టిన నాటి గిలాబా ఉంది. పాత టైల్స్ వెనక వైపు గీతల అచ్చు దాని మీద అలాగే ఉంది. వేలు పెడితే తడి తగిలింది. మియెన్ పైకప్పు మీదికి రావలసిన నీళ్ళు ఇంకా గోడలోనే ఉన్నాయి. పాత గిలాబా ఎంత ఎత్తు దాకా ఉందో కొలిచాడు. నేల నుంచి నలభై రెండు సెంటీమీటర్లు. మూడు గోడలకూ అంతే. ఆ పైనంతా ఇటుక దాకా కొట్టి ఉంది.

వాన్‌లాయ్ మెషిన్ ఆపాడు.

"నీళ్ళు ఎప్పుడు పోశావ్?"

"సోమవారం సాయంత్రం. పొద్దుటికి గీత దగ్గరికి దిగేలా కాస్త ఎక్కువే పోశా."

"ఎన్నింటికి?"

"ఐదున్నర." ఆరు అని మియెన్ తర్వాత అంది. వార్తలు మొదలయ్యాక పైన బకెట్ చప్పుడు విన్నానని చెప్పింది.

"కింద ఎందుకు కొట్టలేదు?"

కున్‌షాన్ సిమెంటు బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కూర్చోడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"మోకాళ్ళు అన్నా. పైన నిలబడి కొట్టగలను. కింద ఈ అడుగున్నరా మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాలి. ఆరేళ్ళ నుంచి నా వల్ల కావడం లేదు."

"ఆరేళ్ళు."

"కూర్చుంటే లేవలేను."

"పోయిన ఏడాది అడిగా నిన్ను. మోకాలు ఎలా ఉందిరా అని అడిగా. బాగుందన్నావ్."

"చెప్తే ఏం చేసేవాడివి? గోడలకి ఇంకొకణ్ణి తెచ్చేవాడివి."

"తెచ్చేవాణ్ణి."

"చూశావా మరి!"

"గోడలకి తెచ్చేవాణ్ణిరా. నిన్ను పొమ్మనేవాణ్ణా?"

కున్‌షాన్ నేల చూశాడు. వాన్‌లాయ్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. అతనికి యాభై తొమ్మిదేళ్ళు.

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలుసు."

"ఇంకెవరికి?"

"మందుల షాపు వాడికి."

"నాకు తప్ప."

కున్‌షాన్ ప్యాంటు మీద ఆరిన సిమెంటు గోరుతో గీకాడు.

"ఎన్ని ఇళ్ళు?"

"లెక్క పెట్టలేదు అన్నా. అన్నీ కాదు. పాత గిలాబా గట్టిగా ఉన్న చోట వదిలేసినా ఏం కాలేదు. ఎవరైనా వచ్చి అడిగారా? ఒక్కరైనా?"

"నీళ్ళు ఎన్నిసార్లు పోశావ్?"

"తగ్గినప్పుడల్లా."

మియెన్ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "అయితే నాలాంటి పెద్దమ్మలు ఇంకా ఉన్నారన్నమాట," అంది. "వాళ్ళు మాత్రం ముద్ర వేశారు."

వాన్‌లాయ్ లేచి, బాత్‌రూమ్ బయట గచ్చు మీద కూర్చుని ఫోన్ తెరిచాడు. ఆరేళ్ళలో తమ్ముడు పంపిన నీళ్ళ ఫోటోలు నలభై మూడు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ముప్ఫై రెండింటిలో నీళ్ళు గీతకు కొంచెం కింద ఉన్నాయి. పదకొండింటిలో నీళ్ళు గీత మీదే ఉన్నాయి. నలభై మూడింటి కిందా అతని బొటనవేలి గుర్తు ఉంది. ఆ పని అయ్యేసరికి పన్నెండు దాటింది. అంతసేపూ కున్‌షాన్ బకెట్ మీదే కూర్చున్నాడు. మియెన్ ఇద్దరికీ చెరో గ్లాసు టీ తెచ్చి గడప దగ్గర పెట్టింది. ఎవరూ తాగలేదు.

"లేచి వెళ్ళు," అన్నాడు వాన్‌లాయ్.

"ఈ గోడలు?"

"నేను కొడతా."

"సంచులు నేను మోస్తా అన్నా. పెచ్చులు కిందికి నేను దింపుతా."

"మెట్లు దిగడానికి కూడా మోకాళ్ళే కావాలి. వెళ్ళు. సుత్తి ఇక్కడే ఉంచు."

"అది నాన్న నాకిచ్చాడు."

"గోడ చప్పుడు వినమని ఇచ్చాడు."

కున్‌షాన్ సుత్తి ముట్టుకోలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. మూడో అంతస్తు నుంచి కిందికి దిగడానికి అతనికి ఎంతసేపు పట్టిందో మియెన్ విన్నది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగాడని, ఆ చప్పుడు అంతకు ముందు కూడా చాలాసార్లు విన్నానని, సంచీ బరువేమో అనుకున్నానని చెప్పింది.

మర్నాడు ఏడున్నరకు కున్‌షాన్ చేపల గంజి రెండు పొట్లాలతో వచ్చాడు. వాన్‌లాయ్ తలుపు తీశాడు. పొట్లాలు అందుకోలేదు. కున్‌షాన్ వాటిని మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. తొమ్మిదింటికి మియెన్ వాటిని లోపలికి తీసుకెళ్ళి వేడి చేసింది. ఒకటి తను తిని, ఇంకొకటి వాన్‌లాయ్‌కి ఇచ్చింది. అది ఎవరు తెచ్చారో చెప్పలేదు. అతను అడగలేదు. తిన్నాడు.

వాన్‌లాయ్ మోకాళ్ళ కింద పాత దిండు వేసుకుని గోడల కింది భాగం రెండు రోజుల్లో ఇటుక దాకా కొట్టాడు. పెచ్చులు పద్దెనిమిది సంచులు వచ్చాయి. 11న గిలాబా చేశాడు. 15న ఒక పూత, 16న ఇంకో పూత పూశాడు. 18, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి నీళ్ళు నింపి గీత గీశాడు. బేసిను పక్కన పెట్టాడు. రెండు తాళాలూ మియెన్ దగ్గర ఉన్నాయి.

20, ఆదివారం తొమ్మిదింటికి బేసినులో నీళ్ళు మూడు మిల్లీమీటర్లు తగ్గాయి. నేల మీద కూడా మూడే. మియెన్ తన పైకప్పు చూసుకుంది. తొమ్మిదీ ఇరవైకి కాగితం మీద ముద్ర వేసింది. ముద్ర పక్కన పెన్ను తీసుకుని "నీళ్ళు కూడా చూశాను" అని రాసింది.

ఆ మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి వ్యాను బీయున్‌ను దింపింది. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఆమెను మోసుకొచ్చారు. మియెన్ వాళ్ళను రెండో అంతస్తులోనే ఆపింది.

"నా బాత్‌రూమ్ ఎప్పుడో అయిపోయిందన్నారుగా?" అంది బీయున్.

"అయింది. మళ్ళీ మొదలైంది."

"మళ్ళీనా? ఎందుకే? ఏమైంది?"

"నేను ముద్ర వేయనన్నా."

బీయున్ ఆమె చేయి పట్టుకుంది. "నా మీద కోపమా?"

"నీ మీదైతే మొదటి రోజే వేసి ఊరుకునేదాన్ని," అంది మియెన్. "తర్వాత కారితే తిట్టుకోవచ్చుగా."

ఎనిమిది రోజులు బీయున్ కింద ఇంట్లోనే ఉంది. మియెన్ వేడినీళ్ళలో ముంచిన తువ్వాలుతో ఆమె ఒళ్ళు తుడిచింది. వాన్‌లాయ్ 21 నుంచి 25 దాకా టైల్స్ వేశాడు. 28న బీయున్ కొత్త చోట షవర్ కింద స్టూలు మీద కూర్చుని స్నానం చేసింది. ఆ నలభై నిమిషాలూ మియెన్ తన బాత్‌రూమ్‌లో నిలబడి పైకి చూస్తూ ఉంది.

కున్‌షాన్ మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు వాన్‌లాయ్ తీయలేదు. మూడోసారి తీసి, పదకొండు చిరునామాలు చదివి, ఇవేనా అని అడిగాడు. కున్‌షాన్ ఇంకొకటి చెప్పాడు. పన్నెండు అయ్యాయి. ఆ పన్నెండోది ఫోటోలు పంపడం మొదలుపెట్టకముందు చేసిన పనుల్లోదని, అందుకే అన్నకు దొరకలేదని చెప్పాడు. వాన్‌లాయ్ రాసుకుని ఫోన్ పెట్టేశాడు.

కొత్త సంవత్సరం సెలవుల తర్వాత ఫిబ్రవరి 12, మంగళవారం వాన్‌లాయ్ ఒక్కడే స్కూటర్ మీద బయల్దేరాడు. సంచీలో చెక్క పిడి సుత్తి, ఉక్కు స్కేలు, ముద్ర వేసిన పాత కాగితం ఉన్నాయి. మొదటి చిరునామా రైల్వే స్టేషన్ వెనక ఆరంతస్తుల భవనం. అన్నదమ్ములు పని చేసింది నాలుగో అంతస్తులో. వాన్‌లాయ్ అక్కడికి వెళ్ళలేదు. ఎనిమిదిన్నరకు మూడో అంతస్తు గంట నొక్కాడు.

తలుపు తీసిన ఆమె పేరు, అతను తెచ్చిన పాత కాగితం మీది పేరే. అతను తనెవరో చెప్పాడు. కాగితం చూపించాడు.

"గుర్తుంది. నేనే వేశా ముద్ర," అంది ఆమె. "ఇప్పుడేంటి?"

"మీ పైకప్పు ఒకసారి చూడాలమ్మా."

ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. బాత్‌రూమ్ లైటు వేసింది.